వేలి కొసన మాట

కిందటి వారం మనం వదిలిపెట్టి వచ్చిన చోటే అందరూ ఉన్నారు. ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ పక్కన బల్ల ముందు అమ్మ కూర్చుని ఉంది. పక్షవాతంతో పడిపోయిన ఆమె కుడి చేతికి యంత్రపు తొడుగు తొడిగి ఉంది. ఎదురుగా థెరపిస్టు, పక్కన కూతురు. గుమ్మంలో, డ్యూటీ దిగి యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చేసిన నాన్న. "ఆ తొడుగు తీసెయ్యండి. ఇంక చాలు" అన్నది ఆయనే.

ఈ కథలోకి ఇప్పుడే అడుగు పెట్టినవారికి ఒక ముక్క చెప్పాలి. అమ్మకు పుట్టుకతోనే వినపడదు. ఆమె మాటంతా చేతుల్లోనే ఉండేది. పుస్తకాల బైండింగ్ షాపులో పొద్దున్నించీ సాయంత్రం దాకా ఫారాలు, అంటే అచ్చయిన కాగితాల మడతలు, కుట్టేది. సూది పక్కన పెట్టి భోజనానికి లేచిందంటే, ఆ చేతులు చెప్పే కబుర్ల కోసం వినపడేవాళ్ళు కూడా చుట్టూ చేరేవాళ్ళు. కోపం వచ్చిందో, ఆ వేళ్ళ ముందు ఎవరూ నిలవలేకపోయేవాళ్ళు. పక్షవాతం వస్తే ఎవరికైనా చెయ్యి పోతుంది, కాలు పోతుంది. ఆమెకు చేతితో పాటు నోరూ పోయింది.

ఆ చేతులు చెప్పినదాన్ని చిన్నప్పటినుంచీ నోటితో లోకానికి అప్పజెప్పింది కూతురే. అందుకే ఇంటా బయటా ఆమెను చిలక అనే పిలుస్తారు. పెద్దయ్యాక అదే కూడు పెట్టింది. కోర్టుల్లో, ఆసుపత్రుల్లో, వినపడనివాళ్ళ చేతులకూ వినపడేవాళ్ళ చెవులకూ మధ్య నిలబడి మాట చేరవేయడం ఆమె ఉద్యోగం.

నాన్న మాట వినగానే చిలకకు ముందు వచ్చింది కోపం కాదు, సిగ్గు. వాళ్ళింట్లో ఒక కట్టుబాటు ఉంది. అమ్మ గదిలో ఉన్నంతసేపూ ఎవరూ నోటితో మాట్లాడకూడదు. వచ్చీరాని సంజ్ఞలైనా సరే, చేతులే ఆడాలి. నాన్న సంజ్ఞలు మొదటినుంచీ మొరటే. స్టీరింగు తిప్పే చేతులు కదా, ఏ మాటన్నా బస్సు మలుపు తిరిగినట్టే ఉంటుందని అమ్మ వేళాకోళం చేసేది. అయినా ఇన్నేళ్ళలో ఆయన ఆ కట్టుబాటు తప్పలేదు. ఇప్పుడు ఆమె ఎదుటే, ఆమె చేతి గురించే, ఆమెకు అందకుండా నోటితో అనేశాడు. అమ్మ కళ్ళు ఆయన పెదవుల మీదే ఉన్నాయి.

చిలక లేచి, ఆయన మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్ళింది. ఉతికిన దుప్పట్ల బండి పక్కన నిలబెట్టి, నీకేమైంది నాన్నా అని అడిగింది. పోయిన వారం దాకా ఈ తొడుగు కోసం ఆసుపత్రి వాళ్ళను కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది ఎవరని, ఇప్పుడు ఈ మాటేమిటని నిలదీసింది. ఆయన తల దించుకుని, దుప్పటి అంచు ఒకటి సరిచేశాడు. ఇంకొకటి సరిచేశాడు. చివరకు అసలు సంగతి బయటపెట్టాడు.

పెద్ద డాక్టరు ఆయన్ని ఒక్కణ్ణే గదిలోకి పిలిచి, మెదడు ఫోటో వెలుతురుకు పట్టి చూపించాడట. ఎడమ పక్కన నల్లటి మచ్చ. దెబ్బ తగిలిన చోటు అది. చేతిని కదిపే భాగం అక్కడే ఉంది, దాని పక్కనే మాటలు పుట్టే భాగమూ ఉంది. నోటితో మాట్లాడేవాళ్ళకైనా చేతులతో మాట్లాడేవాళ్ళకైనా మాటలకు ఇల్లు అదే. ఆ ఇల్లు ఎంత కూలిందో, ఎంత మిగిలిందో ఇప్పుడే చెప్పలేమన్నాడట ఆయన.

ఈ సంగతి చిలకకు కొత్త కాదు. ఇదే ఆసుపత్రిలో వేరే వాళ్ళ కోసం ఇదే మాటను తన చేతులతో చెప్పి ఉంది. అమ్మ పడిపోయిన దగ్గరనుంచీ అది తెలిసీ తెలియనట్టు పక్కకు నెట్టేసింది. అమ్మ ఎడమ చెయ్యి బాగానే ఉంది. దానితో ఏదో చెప్పబోయేది. మంచినీళ్ళు కావాలంటే ఆ చెయ్యి తాళం అనేది. కిటికీ అనబోయి, వర్షం దగ్గర ఆగిపోయేది. తప్పు తనకే తెలిసి, విసుగొచ్చి, ఆ చేతిని ఒళ్ళో పెట్టేసుకునేది. కొన్నాళ్ళకు అసలు ఎత్తడమే మానేసింది. ఎడమ చెయ్యి కదా, దానికి అలవాటేముంది అని తండ్రీ కూతుళ్ళు ఒకరికొకరు సర్దిచెప్పుకున్నారు. ఎవరి గుండెలో రాయి వాళ్ళు మోసుకు తిరిగారు.

"ఇప్పుడు ఆ చెయ్యి చచ్చుబడి ఉంది. మాటలన్నీ లోపల భద్రంగా ఉన్నాయి, బయటికి రావడానికి దారే లేదు అనుకుంటున్నాను. అలా అనుకునే రోజూ బస్సు తీస్తున్నాను" అన్నాడు నాన్న. "రేపు ఆ యంత్రం పుణ్యమా అని చెయ్యి లేచిందనుకో. అందులో మాట లేకపోతే?"

వరండా చివర ఎవరో చక్రాల కుర్చీ తోసుకుంటూ పోతున్నారు. చిలక ఆయన చేతిలోంచి దుప్పటి అంచు విడిపించింది.

"ఆ చెయ్యి నీదీ కాదు, నాదీ కాదు నాన్నా" అంది. "అమ్మనే అడుగుదాం."

"అడిగితే అర్థమవుతుందంటావా?"

"కాకపోతే నువ్వన్నట్టే తీసేద్దాం."

లోపలికి వచ్చి, చిలక అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కోర్టులో సాక్షిని అడిగేటప్పటికన్నా నిదానంగా, ఒక్కొక్క సంజ్ఞా విడిగా చూపించి అడిగింది. ఈ తొడుగు ఉంచమంటావా, తీసెయ్యమంటావా? నీకు నొప్పిగా ఉందా, విసుగ్గా ఉందా? అమ్మ కూతురి చేతులవంక చూసింది, తరువాత భర్త ముఖంవంక చూసింది. ఎడమ చేతిని ఒళ్ళోంచి తీసి, బల్లమీద ఉన్న, తొడుగును నడిపే మోటార్ల పెట్టె మీద బోర్లించింది. పొదిగే కోడి గుడ్లను కప్పుకున్నట్టు ఆ పెట్టెను అరచేతి కింద దాచేసుకుంది.

థెరపిస్టు నవ్వు ఆపుకోలేకపోయింది. చాలా పొడగరి, గట్టిగా మాట్లాడే మనిషి ఆవిడ. పూర్తి డాక్టరు కాదని ఎన్నిసార్లు చెప్పినా నాన్న మాత్రం డాక్టరమ్మా అనే పిలుస్తాడు. "జవాబు వచ్చేసింది కదండీ" అంది ఆవిడ. నాన్నకు నమ్మకం కుదరలేదు. అది జవాబో, ఊరికే పెట్టిన చెయ్యో ఎవరికి తెలుసని ఆయన ముఖమే చెబుతోంది. అయినా వెళ్ళిపోలేదు. గోడ వారన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన ఆ తొడుగు పని చేయడం ఇంతవరకూ చూడనే లేదు.

చూడ్డానికది మామూలు గ్లౌజులాగే ఉంటుంది. బూడిద రంగు గుడ్డ. అరచేతి వైపు అంతా తెరిచి ఉంటుంది, పట్టుకున్న వస్తువు చర్మానికి తగలాలి కాబట్టి. ప్రతి వేలి వెనకా సన్నని గొట్టం, దానిలో స్టీలు తీగ. తీగలన్నీ మణికట్టు దాటి వెళ్ళి ఆ చిన్న పెట్టెలో కలుస్తాయి. తీగను లాగితే వేలు తెరుచుకుంటుంది, వదిలితే ముడుచుకుంటుంది. మోచేతి కింద కండరాల మీద, వేలికొకటి చొప్పున, బొట్టుబిళ్ళంత స్టిక్కర్లు. మనిషి చెయ్యి కదపాలనుకున్నప్పుడు కండరంలో సన్నగా కరెంటు పుడుతుంది. చెయ్యి కదిలేటంత బలం లేకపోయినా ఆ కరెంటు పుడుతుంది. బిళ్ళలు దాన్ని పసిగట్టి పెట్టెకు చెబుతాయి.

ముందు రోజూ ఆడించే అద్దం ఆటే ఆడించింది థెరపిస్టు. అమ్మ ఎడమ చేతికి మోటార్లు లేని పల్చటి గ్లౌజు వేసింది. ఆ చెయ్యి ఏం చేస్తే, తొడుగులో ఉన్న కుడి చేతి చేత యంత్రం అదే చేయిస్తుంది. అమ్మ ఎడమ పిడికిలి మూసింది. కుడి పిడికిలి మూసుకుంది. ఎడమ చెయ్యి విప్పింది. సన్నని దోమరొదలాంటి చప్పుడుతో తీగలు లాగుకుని, ఎండుటాకులా ముడుచుకుపోయి ఉండే ఆ కుడి చెయ్యి ఒక్కొక్క వేలే విచ్చుకుంది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. అన్నిటికన్నా ఆలస్యంగా, బిడియపడుతున్నట్టు బొటనవేలు.

నాన్న కుర్చీ అంచుకు జరిగాడు. పడిపోయిన దగ్గరనుంచీ ఆ చేతికి గోళ్ళు తీసిందీ, ముడతల్లో తడి తుడిచిందీ ఆయనే. దాని బరువు ఆయనకు తెలుసు. ఎత్తి పెడితే ఉండేది, వదిలేస్తే జారేది. అలాంటిది ఇప్పుడు కిటికీ వెలుతురులో వేళ్ళు బార్లా చాపుకుని ఉంది. ఆ చప్పుడు అమ్మకు వినపడదు గానీ, పెట్టె మీద అరచెయ్యి ఆనించి దాని గుండె కొట్టుకోవడం చూస్తున్నట్టుగా తలాడించింది.

మూసి తెరవడం అలా సాగుతుండగా థెరపిస్టు ఉన్నట్టుండి బల్లమీది కంప్యూటరు తెర మీదకు వంగింది. అక్కడ రెండు గీతలు పరిగెడుతున్నాయి. పచ్చది ఎడమ చేతిది, పసుపుది కుడిది. ఆవిడ ఆటను ఆపి, అప్పటిదాకా నడిచిన గీతలను వెనక్కి జరిపి చూసింది. బిళ్ళలు సరిగా అంటుకోలేదేమోనని ఊడదీసి కొత్తవి అంటించింది. మళ్ళీ ఆడించింది, మళ్ళీ వెనక్కి జరిపింది. ఈసారి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

ఏమైందని చిలక అడిగితే, వేలితో గీతల్ని చూపించింది. ఎడమ చెయ్యి కదిలాక కుడి చెయ్యి కదలాలి. అద్దం ఆటంటే అదే. కానీ పసుపు గీత పచ్చగీత కన్నా ముందు లేస్తోంది. వెంట్రుకవాసి ముందే, కానీ ప్రతిసారీ ముందే.

"అంటే ఎడమ చెయ్యి చెప్పకముందే కుడి చెయ్యి మొదలుపెడుతోంది" అంది ఆవిడ. గట్టిగా మాట్లాడే ఆ మనిషి గొంతు బాగా తగ్గిపోయింది. "యంత్రం లాగుతోంది కాబట్టి వేళ్ళు కదులుతున్నాయనుకుంటున్నాం ఇన్నాళ్ళూ. ఆవిడే లాగుతున్నారు. మనకి కనపడలేదంతే."

ఎడమ చేతి గ్లౌజు తీసేసింది. పెట్టె మీద మీట మార్చింది. ఇప్పుడు యంత్రం తనంతట తాను ఏమీ చేయదని, అమ్మగారి కండరం అడిగితేనే, ఏ వేలు అడిగితే ఆ వేలికే, అడిగినంత సాయమే చేస్తుందని వివరించింది. చిలక ఆ సంగతంతా చేతులతో అమ్మకు చెప్పింది. చెయ్యి తెరవమ్మా అని చూపించింది.

ఏమీ కాలేదు.

తొడుగు బల్లమీద కదలకుండా పడి ఉంది. అమ్మ నుదుటి మీద నరం ఉబ్బింది. పసుపు గీత చీమ నడిచినట్టు పాకుతోంది తప్ప పైకి లేవడం లేదు. నాన్న నేల చూపులు చూస్తున్నాడు. తొందరేమీ లేదని థెరపిస్టు అంది. ఆ మాటను చిలక సంజ్ఞ చేయబోయి, చేతులు మధ్యలోనే ఆపేసింది.

దోమరొద వినపడింది. బొటనవేలు వణికింది. చూపుడువేలు దానికి దూరంగా జరిగింది, మళ్ళీ వచ్చి కొసన కొస ఆనింది. మిగిలిన మూడు వేళ్ళూ ముడుచుకునే ఉన్నాయి. ఆ రెండే మళ్ళీ విడివడ్డాయి, మళ్ళీ కలిశాయి.

చాలా బాగుందని, మిగతా వేళ్ళు కూడా వస్తే పూర్తిగా తెరుచుకుంటుందని థెరపిస్టు అమ్మ మణికట్టు సరిచేయబోయింది. చిలక ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ముట్టుకోకండి మేడమ్. అమ్మ చెయ్యి తెరవడం లేదు. నన్ను పిలుస్తోంది."

వినపడనివాళ్ళ లోకంలో ప్రతి మనిషికీ చేతి పేరు ఒకటి ఉంటుంది. కాగితాల మీద పేరుతో దానికి సంబంధం ఉండదు. దగ్గరివాళ్ళు చూసి పెడతారు. నెలల పిల్లగా ఉన్నప్పుడు ఎప్పుడూ ఆడుతూ ఉండే చిలక నోటిని చూసి, ఆ నోరు చేసే చప్పుడు ఎలాంటిదో ఏనాడూ తెలియని తల్లి, బొటనవేలూ చూపుడువేలూ ముక్కులా కలిపి విప్పి, ఇది నా బిడ్డ అంది. చిలక అన్న పేరు ఆ సంజ్ఞలోంచి పుట్టిందే. వీధి చివరనుంచి, బైండింగ్ షాపు మెట్ల మీదనుంచి, బడి గేటు అవతలనుంచి లెక్కలేనన్ని సార్లు ఆ ముక్కు తెరుచుకుని మూసుకుంది. పడిపోయిన దగ్గరనుంచీ ఒక్కసారీ లేదు. ఎడమ చేతికి ఆ పేరు దొరకనే లేదు.

"అమ్మా" అంది చిలక పైకే. తనకే నవ్వొచ్చింది, ఎవరికి వినపడాలని. కళ్ళు మసకలైపోతుంటే గబగబా తుడుచుకుంది. చేతుల మాట కంటితోనే వినాలి, కన్నీళ్ళు అడ్డొస్తే ఒక్క ముక్క కూడా అందదు.

నాన్న ఎప్పుడు లేచాడో, బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. అది పేరేనా, కండరం ఊరికే అదిరిందా అని అడిగాడు. అడుగుతున్నప్పుడు ఆయన గొంతులో భయమూ ఉంది, ఆశా ఉంది. ఏది ఎక్కువో ఆయనకే తెలియదు. చిలక మాట్లాడకుండా అమ్మ ముఖం చూపించింది. సంజ్ఞల భాషలో సగం వ్యాకరణం ముఖంలోనే ఉంటుంది. పేరు ఊరికే చెప్పడం వేరు, పిలవడం వేరు. పిలిచేటప్పుడు కనుబొమలు లేస్తాయి. అమ్మ ముఖం కుడి సగం ఇంకా బిగుసుకునే ఉంది. ఎడమ కనుబొమ మాత్రం పైకి లేచి ఉంది. పలుకుతావా లేదా అన్నట్టు కూతురివైపే చూస్తోంది. ముక్కు ఇంకోసారి తెరుచుకుంది, మూసుకుంది.

ఇక్కడే ఉన్నానమ్మా అని చిలక చేతులు చెప్పాయి. అమ్మ ఊపిరి వదిలింది. ఆ ఊపిరి గది అంతటికీ వినపడింది.

నాన్న ముఖం అటు తిప్పుకున్నాడు. థెరపిస్టు కుర్చీలో వెనక్కి వాలి కూర్చుండిపోయింది. ఈ తొడుగు సాయంతో కప్పు పట్టుకున్న చేతుల్ని చూసింది ఆవిడ. చొక్కా గుండీ పెట్టుకున్నవాళ్ళను, తాళం తిప్పినవాళ్ళను, మనవరాలి జుట్టు దువ్విన తాతగారిని చూసింది. అవన్నీ వస్తువుల్ని పట్టుకున్న చేతులు. ఇది గాలిలోంచి మనిషిని పట్టుకున్న చెయ్యి. చెయ్యి తెరిపిద్దామని తెచ్చిన యంత్రం నోరు తెరిపించిందే అని తనలో తాను అనుకున్నట్టుగా పైకే అంది. ముగ్గురూ ఆ బూడిదరంగు గుడ్డనే చూశారు, అప్పుడే కళ్ళు తెరిచిన పసిబిడ్డను చూసినట్టు.

అమ్మను అలిసిపోనివ్వకూడదని, ఈ పూటకు ఇది చాలని థెరపిస్టు మీట ఆపబోయింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఎడమ చెయ్యి మళ్ళీ పెట్టె మీదకు వచ్చింది.

వేళ్ళు మారాయి. బొటనవేలు పక్కకు తప్పుకుంది. చూపుడువేలూ మధ్యవేలూ జంటగా లేచి బల్లను తట్టాయి. ఆగి మళ్ళీ తట్టాయి. ఎత్తడం యంత్రం పని, దించడం మాత్రం పూర్తిగా ఆమెదే. చెక్క మీద గోళ్ళ చప్పుడు స్పష్టంగా వినపడింది.

చిలక రెప్ప వేయకుండా చూసింది. ఆ సంజ్ఞ ఆమెకు తెలియదు. ఏ భాషవాళ్ళ మాటైనా పట్టుకోలేకపోవచ్చు గానీ, అమ్మ చేతుల్లో తనకు తెలియని మాట ఒకటి ఉంటుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. మంచినీళ్ళకు తాళం అన్నట్టు ఇదీ దారి తప్పిన మాటేనా అనిపించింది. ఇందాకటి సంతోషం అలాగే ఉండగా పాత భయం వచ్చి దాని పక్కనే కూర్చుంది. చిలక నాన్నవైపు తిరిగింది.

నాన్న ఆమెను చూడటం లేదు. ఆయన కళ్ళు ఆ రెండు వేళ్ళ మీదే ఉన్నాయి. మెల్లగా చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. బల్ల పక్కన వంగి, తన మణికట్టును ఆ వేళ్ళ కిందకు జరిపాడు. వేళ్ళు దిగి మణికట్టు మీద తట్టాయి. అక్కడే, ఆ చోటే కావాలన్నట్టు అమ్మ తలాడించింది.

"ఇది తప్పు మాట కాదు తల్లీ" అన్నాడు. "పేరు."

"ఎవరి పేరు?"

"మీ అమ్మకి మొదటి మాట నేర్పిన మనిషిది. చిన్నప్పుడు పిలిస్తే వినపడదు కదా, ఇలా మణికట్టు మీద తట్టి నిద్ర లేపేది. మీ పెద్దమ్మ."

చిలకకు తెలిసినంతవరకూ అమ్మకు తోడబుట్టినవాళ్ళు ఎవరూ లేరు.

"అమ్మకి అక్క ఉండేదా?"

అమ్మ వేళ్ళు తడుతూనే ఉన్నాయి. ఇందాకటికన్నా బలంగా, ఇందాకటికన్నా దగ్గర దగ్గరగా. నాన్న చెయ్యి వెనక్కి తీసుకోలేదు. భార్య ముఖంలోకి చూస్తూ, ఆమె ఎదుట కట్టుబాటు తప్పుతూనే, నోటితోనే అన్నాడు.

"ఉండేది. చనిపోయిందని మీ అమ్మతో చెప్పింది నేనే. పోలేదు తల్లీ. ఉంది."